పదిహేడో నంబరు

చుక్కమ్మ, నలభై నాలుగేళ్ళు, ఏ కాగితం చేతికొచ్చినా ముందు చివరి పేజీ చదువుతుంది. నీటి పరీక్షల ల్యాబులో ప్రొఫెసరు రాసే ప్రతి పేపరుకీ వెనక, లోపలి వాక్యాల పక్కన ఉన్న నంబర్లకి ఆధారాలు చెప్పే రిఫరెన్సుల పట్టిక సరిచేసి, చుక్కలూ కామాలూ చూసేది ఆమే కాబట్టి స్టూడెంట్లు ఆ పేరు పెట్టారు. ప్రొఫెసరు ఆమె భర్త. ఆ సాయంత్రం నాలుగు దాటాక ఆయన ఆమె గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. 'చిన్న సవరణే చేశాను, పంపేశావా?' అన్నాడు. ఆమె కుర్చీ ఇటు తిప్పి అందుకుంది.

చిన్న సవరణా? దీన్ని చిన్న సవరణ అంటారా మీరు?

లోపలికి రండి. గుమ్మంలో నిలబడి గడియారం వంక చూస్తే ముల్లు మీకు భయపడి ఆగదు. ఐదింటితో గడువు అయిపోతుందని నాకూ తెలుసు. ఆలస్యమైతే మన పేపరు మళ్ళీ కొత్త పేపరు కింద లెక్క, క్యూలో చివరికి పోవడమే. వచ్చే వారం డైరెక్టరు పోస్టు ఇంటర్వ్యూలో చూపించుకోడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అన్నీ తెలుసు. తెలిసే తీరుబడిగా కూర్చున్నాను.

తలుపెందుకు వేయడం? ఉండనివ్వండి. మనమేమన్నా రహస్యాలు మాట్లాడుకుంటున్నామా, రిఫరెన్సుల సంగతేగా!

నిన్న నేను పిల్లని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేముందు ఈ పట్టికలో అరవై ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ నేనే కూర్చోబెట్టాను. ఈ జర్నలు వాళ్ళకి ఏడాది చివర్న కావాలిట. పోయినసారి వాళ్ళకి మొదట్లో కావాలి. ఒకరికి పత్రిక పేరు పూర్తిగా రాయాలి, ఇంకొకరికి కుదించాలి. కుదించిన దాని పక్కన చుక్క పెడితే ఒకరికి కోపం, పెట్టకపోతే ఇంకొకరికి కోపం. కాపురానికొచ్చిన కొత్తలో మీ ఇంట్లో కూడా ఇంతమంది ముక్కు మీద కోపాలు చూడలేదండీ నేను.

ఇవాళ మధ్యాహ్నం ఫైలు తెరిచి, అలవాటు కొద్దీ చివరికి వెళ్ళాను. అరవై!

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అరవయ్యే. లోపలేమో మీ ఆఖరి వాక్యం పక్కన 'అరవై ఒకటి' అని దర్జాగా కూర్చుని ఉంది. పట్టికలో చూస్తే అలాంటి శాల్తీ లేదు.

ఏది పోయిందో వెతుక్కుంటూ కింది నుంచి పైకి ఎక్కాను. ఎక్కుతూ ఉంటే మీ పేపరు ఎంత అందంగా తయారైందో తెలుసా? 'సీసం కలిసిన నీళ్ళు తాగితే పసిపిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది' అని రాశారు, పక్కన ఇరవై నాలుగు. ఇరవై నాలుగు కింద ఏముందీ? పావురాల ఈకలు! ఎవరో పుణ్యాత్ముడు పావురాల ఈకల్లో సీసం కొలిచాడు, అదీ మీ పసిపిల్లలకి సాక్ష్యం! మంచినీళ్ళలో సీసం ఇంతకి మించకూడదన్న హద్దుకి ఓడల రంగుల మీద పేపరు. పాత పైపుల తుప్పు దగ్గర ఎవరిదో రక్తపరీక్ష. ఇది అచ్చయితే డైరెక్టరు కుర్చీ సంగతి తర్వాత, ఉన్న కుర్చీలో కూర్చుని తలెత్తగలరా మీరు?

ఎందుకిలా అయిందంటారా? పట్టికలో ఒకటి పీకేశారు. దాని కిందవన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. లోపల వాక్యాల పక్కన నంబర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి చెప్పకుండా జరగవు. చెప్పేది ఎవరు? ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరుంది!

నన్ను అడగొచ్చుగా? 'ఇదిగో, ఇది తీసెయ్' అంటే తీసేదాన్నిగా, ఇన్నేళ్ళూ మీరు చెప్పినవన్నీ చేసినదాన్ని. అడగలేదు. నేను బయటికెళ్ళేదాకా ఆగి, మీ చేత్తో మీరే, రెండు వేళ్ళతో...

నీళ్ళు నమలకండి. పోయింది పదిహేడో నంబరు. నా థీసిస్.

అవును, కంగారులో పోయింది. వేలు తగిలి పోయింది. వేలు తగిలితే లోపల వాక్యంలో కూడా పదిహేడు ఎగిరిపోయి, ఆ చోట బ్రాకెట్లో 'పర్సనల్ కమ్యూనికేషన్' అని దానంతటదే పడిందా? మీ వేలికి ఎంత చదువొచ్చిందండీ!

పర్సనల్ కమ్యూనికేషన్ అంటే ఏమిటో ఈ ల్యాబులో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఎవరో ఫోన్లో చెప్పింది, మెట్ల దగ్గర అనుకున్నది. కాగితం మీద లేనిది. దానికి పట్టికలో చోటుండదు, నంబరుండదు. చదివినవాడు వెతుక్కుందామన్నా దొరకదు. నా నాలుగేళ్ళ పనిని తీసుకెళ్ళి మీరు దాంట్లో వేశారు. రాత్రి కంచాలు కడుగుతూ పెళ్ళాం ఏదో అంది, మీ చెవిన పడింది. అంతేనా?

ఆ నాలుగేళ్ళూ గుర్తున్నాయా మీకు? నీళ్ళు పరీక్షించేవాళ్ళందరూ పదింటికి వెళ్ళి కుళాయి తిప్పి సీసా నింపుకొచ్చి 'నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి' అని రాసేవాళ్ళు. పదింటికి శుభ్రంగా ఉండక ఏమవుతాయి? అప్పటికి ఇంటిల్లిపాదీ మొహాలు కడుక్కుని, స్నానాలు చేసి, రాత్రంతా పైపులో నిలవుండి సీసం పట్టిన నీళ్ళని వదిలించేశాక! నిలవున్న నీళ్ళు ఎవరి కడుపులోకి పోయాయి? అందరికంటే ముందు లేచి, పొయ్యి మీద గిన్నె పెట్టే మనిషి కడుపులోకి. ఆవిడ కలిపిచ్చిన పాలు తాగిన పిల్లాడి కడుపులోకి.

అది నాకు తోచింది. ఎందుకు తోచిందంటే ముందు లేచేది నేను కాబట్టి.

తెల్లారకముందే వెళ్ళి తలుపులు తట్టేదాన్ని. 'అమ్మా, నేనొచ్చేదాకా కుళాయి తిప్పకండి' అని ఇంటింటికీ బతిమాలుకుని, కుళాయి కట్టకుండా వరసగా పన్నెండు సీసాలు పట్టేదాన్ని. మొదటి సీసాలో ఉండేవి కుళాయి మూతిలో నీళ్ళు, నాలుగో దాంట్లోవి గోడలో పైపువి, తొమ్మిదో దాంట్లోవి వీధి పైపువి. ఏ సీసాలో సీసం లేస్తే ఆ ముక్క మారిస్తే చాలు, ఇల్లంతా తవ్వక్కర్లేదు. మీరు సీసాలు మోశారు, కాదనను. మూతలు బిగించి పెట్టారు. ఒకావిడ వాళ్ళాయన్ని లేచి కుళాయి తిప్పకుండా గదిలో పెట్టి గొళ్ళెం వేసిందంటే, స్కూటరు మీద ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆ పన్నెండు సీసాలే ఇవాళ మీ పేపరు. సీసాలు పద్దెనిమిది చేశారు, ఇళ్ళు పెంచారు, స్టూడెంట్లని పంపారు. బాగానే చేశారు. ఎముకలు మాత్రం నావి.

ఏమిటీ? భార్యని ఉదహరించుకున్నాడని నలుగురూ నవ్వుతారా?

ఎవరు నవ్వుతారండీ? థీసిస్ మీద ఉన్నది నా పుట్టింటి ఇంటిపేరు. దాన్ని చూసి మీ భార్యని ఎవరు పోల్చుకుంటారు? మీ అమ్మగారే పోల్చుకోరు. ఆవిడ వచ్చినవాళ్ళందరికీ 'మా కోడలు కంప్యూటర్లో చుక్కలు పెడుతుంది' అని చెబుతారు. పోయిన నెల పిల్ల నన్నడిగింది, 'అమ్మా, నువ్వూ డాక్టరేట్ చేశావా? నిజంగా?' అని. అలమర సర్దుతుంటే దాని కంటబడింది. పదహారేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న పిల్లకి తెలియలేదు, జర్నలు తరఫున పేపరు చదివి తూచే రివ్యూయర్లకి తెలిసిపోతుందా?

అదీ కాదా? పాతదైపోయిందా? మూడో నంబరు దానికంటే ఇరవై ఏళ్ళు పాతది. అది మీ గురువుగారిది. ఆయన్ని పీకలేదే?

సరే, నేను చెప్పనా? మీరు చెప్పరుగానీ.

రెండో రివ్యూయరు ఒక ప్రశ్న వేశాడు. 'ఈ పద్ధతికీ పదిహేడో రిఫరెన్సులోని పద్ధతికీ తేడా ఏమిటి' అని. ఆ ఉత్తరం మీరు నాకు చూపించలేదు. రిఫరెన్సుల ఫార్మాట్ గురించిన పేజీ ఒక్కటే ప్రింటు తీసి ఇచ్చారు. నేను చివరి పేజీ నుంచి చదువుతానని మీకు తెలుసుగానీ, చదువుతూ మొదటిదాకా వస్తానని తెలియదు పాపం. ఉత్తరమంతా ల్యాబు మెయిల్లో ఉంది, తెరిచి మొదటిదాకా వచ్చాను. చదివాను. చదివాక మీ ముందుమాటలో కొత్తగా వెలసిన వాక్యం కూడా చూశాను. 'మేము తొలిసారిగా రూపొందించిన పద్ధతి' అట! తొలిసారిగా!

నేను ఉంటే ఆ 'తొలిసారి' నిలవదు. అందుకని నన్ను తీసేశారు. అదీ సంగతి.

గట్టిగా అరవకండి. తలుపు తీసుంది, మీరే వేద్దామనుకున్నారు.

కృతజ్ఞతల్లో పెట్టారా? పెట్టారు, చూశాను. 'రిఫరెన్సుల అమరికలో సహకరించిన నా అర్ధాంగికి.' ఆ వాక్యానికి చుక్క లేదు. నేనే పెట్టాను.

వచ్చే పేపర్లో రచయితగా చేరుస్తారా? వచ్చే పేపరు! పిల్ల పుట్టి రెండేళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు కూడా అదే మాట. తిరిగొచ్చేసరికి నా సీసాల అలమర మీ గదిలో ఉంది. నాకు ఈ బల్లా, ఈ కంప్యూటరూ, ఏడాదికోసారి పొడిగించే టెంపరరీ పోస్టూ. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే చోట పర్మనెంటు ఇవ్వరన్నారు. నిజమే, రూలుంది. ఆ రూలుకి ఇద్దర్లో ఎవరు ఆగాలన్నది మాత్రం ఎవరూ అడగనే లేదు. నేనూ అడగలేదు. అప్పుడు పిల్లకి జ్వరం.

ఆఁ? ఇప్పుడేమన్నారు? మళ్ళీ అనండి.

పొడిగింపు కాగితం మీద సంతకం మీదేనని నాకు గుర్తుచేస్తున్నారా?

మంచిది. ఆ మాట మీ నోటితో వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. పురపాలక సంఘం నీటి పరీక్షా కేంద్రంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అవును, మీకు చెప్పకుండా. మీరు పీకే ముందు నాకు చెప్పారా? అందులో ఒక ప్రశ్న ఉంది. 'మీరు కనిపెట్టిన పద్ధతిని అచ్చయిన పరిశోధనలో ఎవరైనా వాడారా?' దానికెదురుగా ఖాళీ వదిలాను, ఇంటర్వ్యూ నాటికి చూపిస్తే చాలట. ఇన్నేళ్ళలో నా థీసిస్‌ని ఒక్కరూ ఉదహరించలేదు. ఎలా ఉదహరిస్తారు? దాన్ని పేపరుగా అచ్చువేయడానికి నాకు తీరలేదు, మీ పేపర్లకి చుక్కలు పెడుతూ ఉన్నాను. ఈ పదిహేడో నంబరే ఆ ఖాళీలో రాయాల్సింది. నాకున్నది అదొక్కటే.

ఇప్పుడు వినండి. టైమైపోతోంది.

ఈ నంబర్లు సరిచేయాలంటే పద్దెనిమిది నుంచి అరవై ఒకటి దాకా, ఒక్కోటీ లోపల ఎన్నిచోట్ల వచ్చిందో వెతికి, చేత్తో ఒకటొకటి తగ్గించుకుంటూ రావాలి. కొన్ని నాలుగేసి చోట్ల ఉన్నాయి. 'ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు' అని గుంపులున్నాయి. గంటన్నర పని, అదీ నేను చేస్తే. మీరు చేస్తే మీ ఇష్టం.

లేదూ, పదిహేడు తిరిగి పెడితే సరి. ఒక్క లైను. అన్నీ వాటి వాటి చోట్లకి వెళ్ళిపోతాయి. పావురాలు పావురాల దగ్గరికి, పిల్లలు పిల్లల దగ్గరికి.

నేను చేయను. నా చేత్తో నన్ను పెట్టుకోను. ఇదిగో కుర్చీ, కూర్చోండి.

నంబర్లు సరిచేయడానికి పక్క గదిలో కళ్ళద్దాలాయన్ని పిలుస్తారా? మీ కొలీగే, పిలవండి. వచ్చి 'పదిహేడు ఎవరిదీ' అంటే ఏం చెబుతారో కూడా అనుకుని పిలవండి.

కూర్చున్నారా? మంచిది. కొంచెం ముందుకి జరగండి, ఆ కుర్చీ నా ఎత్తుకి పెట్టుంది.

పదహారు చివర కర్సరు పెట్టండి. అక్కడ కాదు, చుక్క తర్వాత. ఎంటర్ కొట్టండి. ఆఁ, పదిహేడు వచ్చిందిగా? రాయండి మరి. ముందు ఇంటిపేరు.

ఏమిటలా చూస్తున్నారు?

నా పుట్టింటి ఇంటిపేరు స్పెల్లింగు అడుగుతున్నారా? శుభలేఖ మీద ఉంది. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయన్ని 'మావయ్యగారూ' అనేగానీ పేరుతో పిలిచే అవసరం మీకు రాలేదులెండి. సరే, చెబుతాను, రాసుకోండి. ఒక్కో అక్షరం. అక్కడ రెండు 'ఎల్'లు. రెండు.

కామా లేదు. ఈ జర్నలుకి ఇంటిపేరు తర్వాత కామా ఉండదు. చూశారా, ఎంత కష్టమో?

టైటిలు నేను చెప్పాలా? మీ గదిలో అలమర పై అరలో, ఎర్ర అట్ట. దాని మీద మీరు టీ కప్పు పెడతారు. సరే, సరే, చెబుతాను. ఇంకా పన్నెండు నిమిషాలుంది.

ఇప్పుడు ఏడాది.

ఏ ఏడాదా?

ఎనిమిదో నెల కడుపుతో వెళ్ళి ఇచ్చొచ్చాను. బైండింగు షాపువాడు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మీరు బయట స్కూటరు మీదున్నారు. పిల్ల పుట్టిన ఏడాదేనండీ! వేళ్ళు మడుస్తున్నారేమిటి? దాని వయసెంతో ఇందాకే చెప్పాను. తీసేయండి లెక్క.

ఆఁ. అదీ ఏడాది.

చుక్క పెట్టండి.

ఇప్పుడు లోపలికి రండి. ఆ బ్రాకెట్టు తీసేయండి. కబుర్లన్నీ తీసేసి పదిహేడు పెట్టండి. పైకి, ఇంకా పైకి. 'తొలిసారిగా' అన్నది కూడా తీసేయండి. నా కోసం కాదులెండి. ఆ రెండో రివ్యూయరు పట్టికలో పదిహేడు చూసి, మీ తొలిసారి చూసి, మళ్ళీ ఉత్తరం రాస్తాడు. 'పదిహేడులోని పద్ధతిని మేము విస్తరించాము' అనండి. విస్తరించారుగా, అబద్ధమేం కాదు. చూడండి, వాక్యం ఎంత నిటారుగా నిలబడిందో.

ఇరవై నాలుగు చూడండి. పసిపిల్లలు. అరవై ఒకటి? ఉంది. అన్నీ ఉన్నాయి.

పంపండి. మీరే నొక్కండి.

తిరుగుతోంది... తిరుగుతోంది... వచ్చింది. 'మీ వ్యాసం అందింది, ధన్యవాదాలు.' నాలుగు యాభై మూడు. చెమట తుడుచుకోండి.

ఇంక నేను ఇంటికెళ్తాను. పిల్లకి పన్ను నొప్పి. ఉండండి, సంచీ ఆ కుర్చీ వెనక ఉంది, ఇలా ఇవ్వండి.

ఒకటి చెప్పి వెళ్తాను. ఇప్పుడెటూ పంపేశారు.

గంటన్నర పని అన్నానే, చేత్తో మార్చాలని. అక్కర్లేదు. ఈ నంబర్లు కట్టడానికి నేనొక సాఫ్ట్‌వేర్ వాడతాను, మీరు దాన్ని దాటి నేరుగా పట్టికలో పీకారు. ఆ సాఫ్ట్‌వేర్లో పదిహేడు తీసెయ్యమంటే చాలు, మిగతావన్నీ లోపలా బయటా వాటంతటవే సర్దుకుంటాయి. రెండు నిమిషాలు కూడా పట్టదు. మీరొచ్చే ముందు ఇంకో ప్రతి మీద చేసి చూశాను. పావురాలూ పిల్లలూ అందరూ చక్కగా కుదిరారు. పట్టిక అరవైతో ముగిసింది. నేను లేకపోయినా ఎక్కడా ఖాళీ కనబడలేదు.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆ ప్రతి చెరిపేశాను.

అవును, అబద్ధమే చెప్పాను. కోపం వస్తే రానివ్వండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి ఈ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, 'ఇదంతా ఎలా చేస్తావు' అని అడిగుంటే మీకే తెలిసుండేది.

వెళ్ళేటప్పుడు లైటు ఆర్పండి.

పేపరు ఆరు నెలలకి అచ్చయింది. అచ్చు ప్రతి పట్టుకుని ఆమె పురపాలక నీటి పరీక్షా కేంద్రం ఇంటర్వ్యూకి వెళ్ళింది, ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత భర్త రాసిన ఏ పేపరుకీ ఆమె చుక్క పెట్టలేదు.